ఊహ్యత ప్రమాణమా? విద్యార్థి రచనలో యంత్రరచన నిర్ధారణ: ఫిషింగ్ హార్బర్ పదజాల శోధన ఆధారంగా ఒక పరిశీలన

ప్రస్తావన

సిద్ధాంత వ్యాసాన్ని సమర్పించే ముందు సారూప్య పరీక్ష జరిపించి, ఆ నివేదికను జతపరచడం నేడు పరిశోధన విధానంలో భాగమైంది. 2018 జులైలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రకటించిన గ్రంథచౌర్య నివారణ నియమావళి దీనికి మూలం. 10 శాతం వరకు సారూప్యానికి శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం వరకు ఉంటే సవరించి తిరిగి సమర్పించాలి. 40 నుంచి 60 శాతం వరకు ఉంటే ఏడాది వరకు సమర్పణ నిషేధం. 60 శాతం దాటితే పరిశోధకుని నమోదు రద్దు. ఈ నియమాల అమలుకు తోడ్పడేందుకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ 2019లో శోధ్‌శుద్ధి పథకాన్ని ప్రారంభించి, విశ్వవిద్యాలయాలకు మొదట ఉర్కుండ్, తరవాత డ్రిల్‌బిట్ సాఫ్ట్‌వేర్లను అందుబాటులోకి తెచ్చింది.

2022 నవంబరు 30న చాట్‌జిపిటి విడుదలైంది. 2023 ఏప్రిల్‌లో టర్నిటిన్ సంస్థ సారూప్య నివేదిక పక్కనే యంత్రరచన శాతాన్ని చూపడం ఆరంభించింది. ఇతర సంస్థలూ అదే దారి పట్టాయి. దీంతో ఒకే నివేదికలో రెండు శాతాలు పక్కపక్కన కనిపిస్తున్నాయి. రెండింటికీ అదే రంగు పట్టీ, అదే అంకెల రూపం ఉండటంవల్ల రెండూ ఒకే తరహా సాక్ష్యాలన్న భావన అధ్యాపకులలోను, విద్యార్థులలోను బలపడుతున్నది.

ఈ రెండు శాతాల స్వభావం ఒకటి కాదని, మొదటిది చూపగల సాక్ష్యమైతే రెండవది కేవలం ఒక ఊహ అని, తెలుగు రచన విషయంలో ఆ ఊహకు ఆధారం మరింత బలహీనమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ మత్స్యకారుల వృత్తి పదజాలంపై ఒక స్నాతకోత్తర విద్యార్థి రాసే లఘుశోధనను ఉదాహరణగా స్వీకరిస్తున్నాను. క్షేత్రంలో సేకరించిన భాషా, సిద్ధాంత వ్యాసపు మూస భాషా ఒకేచోట కలిసే రచన అది. సాఫ్ట్‌వేర్ దేన్ని కొలుస్తుందో, దేన్ని కొలవలేదో అటువంటి రచనలో స్పష్టంగా తెలుస్తుంది.

సారూప్య పరీక్ష: శబ్దహరణం, అర్థహరణం

సారూప్య సాఫ్ట్‌వేర్ పనితీరు సరళమైనది. రచనను కొద్ది పదాల వరుసలుగా విడగొట్టి, ప్రతి వరుసకూ ఒక సంఖ్యాముద్రను తయారుచేస్తుంది. తన భాండాగారంలోని గ్రంథాలు, పత్రికలు, అంతర్జాల పుటలు, పాత సిద్ధాంత వ్యాసాల ముద్రలతో దానిని పోల్చుతుంది. కలిసిన చోట మూలం పేరు చూపుతుంది. అధ్యాపకుడు ఆ మూలాన్ని తెరిచి, రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదువుకోవచ్చు. ఉద్ధరణ చిహ్నాలు మరచిపోయారా, ఆకర సూచన ఉందా, యాదృచ్ఛికమా అన్నది స్వయంగా తేల్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఇక్కడ తీర్పరి కాదు. వెదికి తెచ్చే సహాయకుడు మాత్రమే.

పరకీయ రచనను గ్రహించడం గురించి మన అలంకారికులు చాలా సూక్ష్మంగా ఆలోచించారు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగవ ఉద్ద్యోతంలో కావ్యాల మధ్య పోలికకు సంవాదమని పేరుపెట్టి, ప్రతిబింబం వంటిది, చిత్తరువు వంటిది, తుల్యదేహి వంటిది అని మూడుగా విభజించాడు. మొదటి రెండూ త్యాజ్యాలనీ, మూడవది గ్రాహ్యమనీ నిర్ణయించాడు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ చర్చను విస్తరించి, హరణాన్ని శబ్దహరణం, అర్థహరణం అని వేరుచేశాడు. పదం, పాదం, అర్ధం, వృత్తం, ప్రబంధం అని శబ్దహరణానికి స్థాయులు చెప్పాడు. అర్థహరణంలో ప్రతిబింబకల్పం, ఆలేఖ్యప్రఖ్యం, తుల్యదేహితుల్యం, పరపురప్రవేశసదృశం అనే భేదాలు చూపాడు. వీటిలో అధమమైన ప్రతిబింబకల్పానికి ఆయన చెప్పిన లక్షణం గమనించదగినది: అర్థమంతా పూర్వకవిదే, వాక్యరచన మాత్రం వేరు.

ఈ విభాగాన్ని నేటి సాఫ్ట్‌వేర్‌కు అన్వయిస్తే దాని పరిధి తేలికగా బోధపడుతుంది. అది పట్టగలిగేది ప్రధానంగా శబ్దహరణాన్నే. రాజశేఖరుడు అధమమన్న ప్రతిబింబకల్పం కూడా, అంటే మాటలు మార్చి అర్థాన్నంతా ఎత్తుకోవడం కూడా, దాని చేతికి సులువుగా చిక్కదు. ఆంగ్ల వ్యాసాన్ని తెలుగులోకి అనువదించుకొని సొంతమని సమర్పిస్తే దాదాపుగా తప్పించుకోవచ్చు. అయినా పట్టినంత మేరకు అది ఇచ్చే సాక్ష్యం గట్టిది. మూలం ఎదురుగా ఉంటుంది కనుక విద్యార్థి తన వాదన వినిపించుకోవచ్చు, అధ్యాపకుడు తన అభిప్రాయాన్ని మార్చుకోవచ్చు.

యంత్రరచన ఈ భేదాలలో దేనిలోనూ ఇమడదు. ఎక్కడి నుంచి గ్రహించారో చూపడానికి నిర్దిష్టమైన పూర్వకృతి లేదు. 2018 నియమావళి గ్రంథచౌర్యాన్ని ఇతరుల కృతినిగాని, భావాన్నిగాని తనదిగా చూపుకోవడమని నిర్వచించింది. చాట్‌జిపిటి రాకకు నాలుగేళ్ళ ముందు రాసిన ఆ నిర్వచనంలో ‘ఇతరుల’ అన్న మాటకు యంత్రం వర్తిస్తుందా అన్న ప్రశ్నకు సమాధానం లేదు. యంత్రం రాసిన వ్యాసాన్ని సొంతమని ఇవ్వడం మోసమే. ఆ మోసాన్ని రుజువుచేయవలసిన మార్గం మాత్రం సారూప్య పరీక్ష మార్గం కాదు.

యంత్రరచన నిర్ధారణ జరిగే తీరు

భాషానమూనా అనేది విస్తారమైన పాఠరాశిని చదివి, ఒక పదశ్రేణి తరవాత ఏ పదం రావడానికి ఎంత అవకాశం ఉందో అంచనా కట్టే యంత్రం. అది వాక్యం రాసేటప్పుడు అవకాశం ఎక్కువున్న మాటలవైపు మొగ్గుతుంది. నిర్ధారణ సాఫ్ట్‌వేర్ ఈ ప్రక్రియను తలకిందులు చేస్తుంది. ఎదుటనున్న వాక్యంలో ప్రతి మాటనూ తాను ఎంత తేలికగా ఊహించగలిగేదో లెక్కిస్తుంది. ఈ లెక్కకు పెర్‌ప్లెక్సిటీ అని పేరు. దాని విలువ తక్కువైతే వాక్యం ఊహకు అందేదని అర్థం. ఈ గుణాన్ని ఈ వ్యాసంలో ‘ఊహ్యత’ అంటున్నాను. 2023 జనవరిలో వెలువడిన జిపిటిజీరో దీనికి వాక్యవైవిధ్యాన్ని కూడా జోడించింది. మనిషి పొడవు వాక్యం పక్కన పొట్టి వాక్యం, సాదా వాక్యం పక్కన చిక్కువాక్యం రాస్తాడనీ, యంత్రం ఒకే ఒరవడిలో సాగుతుందనీ దాని ఊహ.

మరికొన్ని సాఫ్ట్‌వేర్లు మనుషులు రాసిన పాఠాలను, యంత్రం రాసిన పాఠాలను పెద్దయెత్తున చూపి, తేడా గుర్తించేలా ఒక వర్గీకరణ యంత్రానికి శిక్షణ ఇస్తాయి. టర్నిటిన్ రచనను కొన్ని వందల పదాల ఖండాలుగా విడదీసి, వాక్యవాక్యానికీ సున్న నుంచి ఒకటి వరకు విలువ కట్టి, చివరకు శాతం చూపుతుంది. ఆ శాతం యంత్రరచనగా తాను భావించిన వాక్యాలు మొత్తంలో ఎంత భాగమో చెప్పే సంఖ్య. ‘70 శాతం’ అంటే ‘యంత్రం రాసిందనడానికి 70 పాళ్ళు నిశ్చయం’ అని కాదు. ఈ తేడా తెలియక పోవడంవల్లనే చాలా అపార్థాలు కలుగుతున్నాయి.

నమూనా తయారీదారులే తమ వాక్యాలలో రహస్యముద్ర వేయడం మూడవ పద్ధతి. మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో దీన్ని ప్రతిపాదించారు. గూగుల్ సంస్థ సింథ్ఐడి పేరిట తన పద్ధతిని 2024లో నేచర్ పత్రికలో ప్రకటించింది. ముద్ర వేసిన నమూనాకే ఇది పనికివస్తుంది. వాక్యాలను తిరగరాస్తే, అనువదిస్తే ముద్ర చెదిరిపోతుంది.

ఈ యంత్రాల సామర్థ్యం గురించి తయారీదారులే చెప్పిన విషయాలు గుర్తుంచుకోవాలి. చాట్‌జిపిటిని రూపొందించిన ఓపెన్ఏఐ 2023 జనవరి 31న సొంత నిర్ధారణ సాధనాన్ని విడుదల చేసింది. అది యంత్రరచనలో 26 శాతాన్నే సరిగా గుర్తిస్తుందనీ, మనుషుల రచనలో 9 శాతాన్ని యంత్రరచనగా పొరబడుతుందనీ ఆ సంస్థే ప్రకటించింది. కచ్చితత్వం తక్కువన్న కారణంతో ఆ జులైలోనే దానిని ఉపసంహరించింది. తమ సాధనం వాక్యస్థాయిలో సుమారు 4 శాతం పొరబడుతుందని టర్నిటిన్ 2023లో అంగీకరించింది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2023 ఆగస్టులో ఆ సాధనాన్ని నిలిపివేసింది.

9 శాతం స్వల్పమని తోచవచ్చు. 1000 వ్యాసాలలో 100 యంత్రం రాసినవి అనుకుందాం. ఓపెన్ఏఐ చెప్పిన లెక్కప్రకారం ఆ 100లో 26 పట్టుబడతాయి. మిగిలిన 900 స్వీయరచనలలో 81 కూడా యంత్రరచనలుగా ముద్రపడతాయి. మొత్తం ముద్రపడినవి 107. అందులో నిర్దోషులవి 81. అంటే ఆరోపణకు గురైన నలుగురిలో ముగ్గురు ఏ తప్పూ చేయనివారు. మంచి సాధనాల పొరపాటు ఇంతకంటే తక్కువే కావచ్చు. ఎంత తక్కువైనా, ఆ తక్కువలో ఉన్న విద్యార్థికి తన నిర్దోషిత్వాన్ని చూపుకునే దారి నివేదికలో లేదన్నది ముఖ్యాంశం.

హేతువు బలం

తర్కశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే సారూప్య నివేదిక ప్రత్యక్షానికి దగ్గరిది, యంత్రరచన నివేదిక అనుమానం. పొగను చూసి నిప్పును అనుమానించడం చెల్లాలంటే, పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉండాలన్న వ్యాప్తి నిలవాలి. ఇక్కడ పక్షం విద్యార్థి వ్యాసం. సాధ్యం యంత్రరచితత్వం. హేతువు ఊహ్యత. ‘ఊహకు అందేదంతా యంత్రరచితమే’ అన్న వ్యాప్తి నిలుస్తుందా అన్నదే ప్రశ్న.

నిలవదు. యంత్రరచనలో ఊహ్యత ఉన్నది. ప్రభుత్వ ఉత్తర్వులోను, పత్రికా వార్తలోను, అభినందన సంచిక సందేశంలోను, కొత్తగా భాష నేర్చుకుంటున్నవారి రచనలోను అది ఉన్నది. సాధ్యం లేనిచోట కూడా హేతువు కనిపిస్తే నైయాయికులు దానిని సవ్యభిచార హేతువంటారు. 2023లో ప్యాటర్న్స్ పత్రికలో వెలువడిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల అధ్యయనం ఈ వ్యభిచారాన్ని అంకెలతో చూపింది. ఆంగ్లం మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాలను ఏడు నిర్ధారణ సాధనాలకు చూపగా, సగటున 61 శాతం వ్యాసాలను అవి యంత్రరచనలన్నాయి. కారణం అంతుపట్టనిది కాదు. పరిమిత పదసంపద, పాఠ్యపుస్తక వాక్యనిర్మాణం ఊహ్యతను పెంచుతాయి. అవే వ్యాసాల పదజాలాన్ని చాట్‌జిపిటిచేత మెరుగుపరిచాక పొరపాటు గణనీయంగా తగ్గింది. అంటే యంత్రసహాయం తీసుకున్న రచన మానవరచనగా గుర్తింపు పొందింది.

కర్తృత్వ నిర్ణయం తెలుగు పరిశోధనకు కొత్త కాదు. క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయనిదిగా ప్రసిద్ధం. ఆ కృతిని పరిష్కరించి ప్రకటించిన వేటూరి ప్రభాకరశాస్త్రి అది శ్రీనాథుని రచన అని వాదించారు. శైలిసామ్యాన్ని, పద్యసామ్యాలను ఆధారంగా చూపారు. ఆ వాదం అందరినీ ఒప్పించిందా అన్నది వేరే సంగతి. ఆయన చూపిన ఆధారాలు పాఠకుని ఎదుట ఉన్నాయి. ఏ పద్యం ఏ పద్యాన్ని పోలిందో మనం చూడవచ్చు, కాదనవచ్చు. ఖండించడానికి వీలున్న ఆధారమే విమర్శలో ఆధారం. యంత్రరచన శాతానికి ఈ గుణం లేదు. ఒక వాక్యాన్ని ఎందుకు యంత్రరచన అన్నావని అడిగితే, సాఫ్ట్‌వేర్ దగ్గర ఒక సంఖ్య తప్ప కారణం లేదు.

ఈ లోపం న్యాయస్థానం దాకా వెళ్ళింది. హర్యానాలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం యంత్రరచన ఆరోపణతో అనుత్తీర్ణుని చేసిన న్యాయశాస్త్ర విద్యార్థి ఒకరు 2024లో పంజాబ్, హర్యానా హైకోర్టును ఆశ్రయించారు. విశ్వవిద్యాలయం తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడంతో వ్యాజ్యం ముగిసింది. సాఫ్ట్‌వేర్ శాతం సాక్ష్యంగా చెల్లుతుందా అన్న ప్రశ్నపై తీర్పు రాలేదు.

తెలుగు లిపి, తెలుగు పదం

తెలుగు రచనకు వచ్చేసరికి సమస్య మరో మూడు రకాలుగా జటిలమవుతుంది.

మొదటిది లిపి. మన ముద్రణరంగం దశాబ్దాలుగా అను ఫాంట్లపై ఆధారపడింది. తెలుగు శాఖల సిద్ధాంత వ్యాసాలు ఎన్నో ఆ అక్షరాలలోనే ముద్రితమయ్యాయి. ఆ పద్ధతిలో తెరపై ‘మ’ కనిపించినా కంప్యూటర్ స్మృతిలో ఉండేది ఏదో ఒక రోమన్ సంకేతం. యూనికోడ్‌లో లేని పాఠం సాఫ్ట్‌వేర్‌కు అర్థరహితమైన రోమన్ గుర్తుల వరుస మాత్రమే. బొమ్మలుగా స్కాన్ చేసిన పుటలను అక్షరాలుగా మార్చనిదే అది అసలు చదవలేదు. ఇటువంటి వ్యాసానికి సున్న శాతం సారూప్యం వస్తే, అది స్వతంత్ర రచన అన్నందుకు కాదు, సాఫ్ట్‌వేర్ చదవలేదన్నందుకు గుర్తు. భాండాగారంలోని పాత వ్యాసాలకూ ఇదే వర్తిస్తుంది. నేటి విద్యార్థి యూనికోడ్‌లో సమర్పించినా, పోల్చవలసిన పాత వ్యాసం అను అక్షరాలలో ఉంటే పోలిక జరగదు.

రెండవది పదస్వరూపం. 2018 నియమావళి యాదృచ్ఛికంగా కలిసే పదశ్రేణిని వరుసగా 14 పదాల వరకు మినహాయించింది. ఈ 14 ఆంగ్ల వాక్యాన్ని మనసులో పెట్టుకొని ఎంచిన సంఖ్య. ‘రాయలేకపోయినవాళ్ళందరికీ’ అన్నది తెలుగులో ఒక పదం. అదే భావానికి ఆంగ్లంలో ఆరేడు పదాలు కావాలి. విభక్తి, క్రియావిశేషం, సంధి అన్నీ ఒకే పదంలో ఒదిగే భాషలో 14 పదాల వరుస చిన్న పేరా అంత అవుతుంది. తెలుగులో శబ్దహరణానికి నియమం తెలియకుండానే ఎక్కువ చోటిచ్చిందన్నమాట. సంధి కలిపి రాసిన వాక్యాన్ని విడదీసి రాస్తే ముద్రలు మారిపోతాయి. అప్పుడు అదే వాక్యం వేరే వాక్యంగా లెక్కకు వస్తుంది.

మూడవది ఊహ్యత లెక్క. భాషానమూనా పదాలను యథాతథంగా చదవదు. టోకెన్లు అనే ముక్కలుగా విడగొడుతుంది. యూనికోడ్ ప్రసార రూపంలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. ‘మత్స్యకారుడు’ అన్న మాట మనకు ఐదు అక్షరాలు. యూనికోడ్‌లో 12 గుర్తులు. బైట్లలో 36. ఆంగ్లం ప్రధానంగా తయారైన తొలి నమూనాలు తెలుగును ఇంచుమించు బైట్లదాకా చీల్చేవి. ప్రతి తెలుగు గుర్తులోనూ మొదటి బైటు ఒకటే, రెండవది రెండింటిలో ఒకటి. మూడింటిలో రెండింటిని యంత్రం దాదాపు చూడకుండానే చెప్పగలదు. ఆ లెక్కలో సగటు ఊహ్యత ఎక్కువగా తేలితే, దానికి కారణం రచయిత శైలి కాదు, లిపిసంకేతం. కొత్త నమూనాలు తెలుగును ఇంతకంటే మెరుగ్గా విడదీస్తున్నాయి. అయినా ఆంగ్ల రచనపై స్థిరపరచిన కొలమానాన్ని తెలుగు రచనకు వర్తింపజేయరాదని ఈ ఒక్క విషయమే తెలుపుతున్నది. టర్నిటిన్ యంత్రరచన సాధనం ఆంగ్లంతో మొదలై స్పానిష్, జపనీస్ భాషలకు విస్తరించింది. తెలుగు ఆ వరుసలోది కాదు. తెలుగును కూడా పరీక్షిస్తామని చెప్పే ఏ సాధనాన్నైనా, ఎన్ని తెలుగు వ్యాసాలపై పరీక్షించారు, పొరపాటు ఎంత అని మొదట అడగాలి.

ఫిషింగ్ హార్బర్ ఉదాహరణ

విశాఖ పాతనగరాన్ని ఆనుకొని 1970ల్లో రూపుదిద్దుకొన్న ఫిషింగ్ హార్బర్ మరబోట్ల వేటకు కేంద్రం. జాలారి, వాడబలిజ కుటుంబాల వృత్తిభాష, మరబోట్లతో వచ్చిన కొత్త మాటలు, వేలంపాటల వ్యాపారభాష ఇక్కడ కలిసిపోయాయి. తెలుగులో వృత్తిపదాల సేకరణకు శాస్త్రీయమైన ఒరవడి పెట్టినది భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం. ఆ ఒరవడిలో హార్బర్ పదజాలాన్ని సేకరించే లఘుశోధన నుంచి రెండు ఖండికలను ఊహించుకుందాం. ఇవి చర్చకోసం కూర్చినవి.

మొదటి ఖండిక: “విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ తూర్పు తీరంలోని ప్రముఖ మత్స్యకేంద్రాలలో ఒకటి. ఇక్కడి మత్స్యకారులు అనాదిగా సముద్రంపై ఆధారపడి జీవనం సాగిస్తున్నారు. వారి జీవనవిధానం, ఆచారాలు, సంప్రదాయాలు ఎంతో విశిష్టమైనవి. ఆధునికీకరణ ప్రభావంవల్ల వారి జీవితాలలో అనేక మార్పులు చోటుచేసుకున్నాయి. ఈ అధ్యాయంలో వారి పదజాలాన్ని వివరించడం జరిగింది.”

రెండవ ఖండిక: “వేట అంటే ఇక్కడ చేపలవేటే, చేపల అని కలపరు. వేటకెళ్ళేడంటే మనిషి సముద్రం మీదున్నాడని. పెద్ద మరబోటు సోనాబోటు, అందులో పనివాడు కళాసీ. నేను వంజరం అని రాసుకున్న చేపను అమ్మే ఆమె కోనాం అంది. రెండూ ఒకటే అని పక్కామె చెప్పింది. కవళ్ళు, కానాగడతలు బుట్టలెక్కన. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు కాబట్టి ఆ రోజుల్లో వెళితే వలలు బాగుచేసే మాటలే దొరుకుతాయి.”

మొదటి ఖండికలో ప్రతి మాటా ముందుమాటనుబట్టి ఊహించదగినదే. ‘ఆచారాలు’ తరవాత ‘సంప్రదాయాలు’, ‘మార్పులు’ తరవాత ‘చోటుచేసుకున్నాయి’ రావడానికి యంత్రం అక్కరలేదు. యంత్రాలు పుట్టకముందే మన సిద్ధాంత వ్యాసాలు ఈ వాక్యాలతో నిండి ఉన్నాయి. ‘పరిశీలించడం జరిగింది’, ‘సోదాహరణంగా వివరించడం జరిగింది’ అన్న నిర్మాణం కర్తను దాచే పరిశోధన పరిభాషగా స్థిరపడి తరతరాలుగా అందుతున్నది. పరిశోధకునికి ఈ భాషను నేర్పినవారు పర్యవేక్షకులు, నమూనాగా చూపినవి శాఖా గ్రంథాలయంలోని పాత వ్యాసాలు. మొదటి తరం చదువుకున్న విద్యార్థి ఇంటిభాషను పక్కకుపెట్టి, శ్రద్ధగా ఈ భాష నేర్చుకుంటాడు. అతడు ఎంత శ్రద్ధగా నేర్చుకుంటే అతని వాక్యం అంత ఊహ్యమవుతుంది. అదే అతని నేరానికి రుజువుగా నిలవడం అన్యాయం.

2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో జరిగిన అగ్నిప్రమాదం ఇంకొక దృష్టాంతం. పదులకొద్దీ బోట్లు కాలిపోయాయి. ఆ ఘటనను ప్రస్తావించే విద్యార్థి ‘అగ్నికి ఆహుతయ్యాయి’, ‘కోట్ల రూపాయల ఆస్తినష్టం’, ‘రోడ్డున పడ్డ కుటుంబాలు’ అని రాస్తే, ఆ మాటలు అతడు చదివిన వార్తలలోనివి. యంత్రం రాసినా ఇంచుమించు ఇవే వస్తాయి, అది చదివినవీ అటువంటి వార్తలే కనుక. ఇద్దరి ఊహ్యతకూ మూలం ఒకటే అయినప్పుడు, ఆ ఊహ్యతనుబట్టి ఇద్దరినీ వేరుచేయడం కుదరదు.

రెండవ ఖండిక చూడగానే మనిషి రాసిందనిపిస్తుంది. అయితే ఇక్కడ కూడా శైలినిబట్టి తీర్పు చెప్పడం క్షేమం కాదు. ఉత్తరాంధ్ర మాండలిక ఛాయతో, క్షేత్రపరిశీలన రీతిలో రాయమంటే యంత్రం అటువంటి ఖండికను కూడా కూర్చగలదు. చేపలమ్మే ఆమెను, పక్కామెను సృష్టించగలదు. లేని పదాన్ని ఉన్నట్లు చెప్పగలదు. శాతం ప్రకారం ఆ కల్పన నిరపాయంగా బయటపడుతుంది, నిజాయితీగా రాసిన మొదటి ఖండిక పట్టుబడుతుంది. శాస్త్రానికి హాని కలిగించేది మొదటి ఖండికలోని అరిగిన వాక్యం కాదు. పదకోశంలోకి చేరిపోగల కల్పిత పదం.

అందువల్ల ఈ రెండింటిని పరీక్షించవలసిన ప్రశ్నలు వేరు. ‘అనాదిగా’ అన్నారు, మరబోట్ల హార్బర్ వయసు అర్ధశతాబ్దమే కదా, ఏ వేటను ఉద్దేశించారు? ‘విశిష్టమైనవి’ అన్నారు, దేనితో పోల్చి? ఈ ప్రశ్నలకు జవాబు లేకపోతే మొదటి ఖండిక ఎవరు రాసినా తక్కువ మార్కులే పొందాలి. రెండవ ఖండికను అడగవలసినవి: కోనాం అన్న మాట ఏ తేదీన, ఏ వయసు వ్యక్తినోట విన్నారు? శ్రవ్యముద్రణ ఉన్నదా? వంజరం అన్న రూపాన్ని హార్బర్‌లో ఎవరు, ఎవరితో మాట్లాడేటప్పుడు వాడారు? కళాసీ వంటి ఎరువు మాట తెప్పలపై వేటాడేవారి నోట వినిపించిందా, మరబోట్లవారి వద్దనేనా? క్షేత్రానికి వెళ్ళిన విద్యార్థి వీటికి సమాధానం చెప్పగలడు. కొన్నింటికి ‘అడగలేదు’ అనికూడా నిజాయితీగా చెప్పగలడు. వెళ్ళనివాడు రెండవ ప్రశ్నకే తడబడతాడు. వృత్తిపదకోశ సంప్రదాయం ప్రతి పదానికీ ప్రాంతసూచన కోరినది ఇందుకే. కర్తృత్వ పరీక్షకు కావలసిన సామగ్రి మన విద్యాక్రమంలోనే ఉన్నది.

ముగింపు

పై పరిశీలననుబట్టి తేలిన అంశాలు ఇవి. సారూప్య శాతం మూలాన్ని చూపి మాట్లాడుతుంది. యంత్రరచన శాతం మూలం లేని అనుమానం. ఆ అనుమానానికి హేతువైన ఊహ్యత మానవరచనలోను, ముఖ్యంగా మన పరిశోధనభాషలోను విస్తారంగా ఉన్నందున హేతువు వ్యభిచరిస్తున్నది. తెలుగు లిపిసంకేతం, పదనిర్మాణం ఆ కొలతను మరింత అవిశ్వసనీయం చేస్తున్నాయి.

ఈ కారణాలవల్ల తెలుగు శాఖలు పరిశీలించదగిన కొన్ని సూచనలు:

1. రెండు శాతాలను వేర్వేరు నివేదికలుగా ఉంచాలి. యంత్రరచన శాతానికి 2018 నియమావళిలోని శిక్షాస్థాయులను వర్తింపజేయరాదు.

2. యంత్రరచన శాతం ఒక్కదానిపై ఆధారపడి విద్యార్థిపై ఆరోపణ నమోదుచేయరాదు. సందేహం కలిగితే విద్యార్థిని పిలిచి, చిత్తుప్రతులు, క్షేత్రసామగ్రి ముందుంచుకొని మాట్లాడాలి.

3. వ్యాసాలను యూనికోడ్‌లో సమర్పించడం తప్పనిసరి చేయాలి. పాత వ్యాసాలను యూనికోడ్‌లోకి మార్చే పని శాఖలు చేపట్టాలి. అంతవరకు సున్న శాతం నివేదికను యోగ్యతాపత్రంగా భావించరాదు.

4. క్షేత్రశోధనలో పదపత్రాలు, వక్తల వివరసూచిక, శ్రవ్యముద్రణలు వ్యాసంతోపాటు శాఖకు అప్పగించాలి. వక్తల అనుమతి తీసుకోవడం, పేర్లు గోప్యంగా ఉంచడం ఇందులో భాగం.

5. మౌఖిక పరీక్షను లఘుశోధనకు కూడా వర్తింపజేసి, సేకరణ విధానంపై ప్రశ్నలకు ప్రాధాన్యమివ్వాలి.

6. భాషాదోషాల సవరణకు, అనువాదానికి యంత్రసహాయం తీసుకుంటే ఎక్కడ, ఎంతమేరకు అన్నది విద్యార్థి రాతపూర్వకంగా తెలపాలి. తెలిపినందుకు మార్కులు తగ్గించరాదు.

వీటిలో ఏదీ ఖరీదైనది కాదు. కావలసినది పర్యవేక్షకుని సమయం. ఒక పర్యవేక్షకుని కింద ఎందరో పరిశోధకులు, ఒక తరగతిలో ఎన్నో లఘుశోధనలు ఉన్న పరిస్థితిలో శాతాన్ని నమ్ముకోవాలన్న ఒత్తిడి సహజమే. ఆ ఒత్తిడి వల్ల కలిగే నష్టం మాత్రం పర్యవేక్షకునిది కాదు, విద్యార్థిది. ఆ నష్టాన్ని తగ్గించే మొదటి అడుగు మన బోధనలోనే ఉన్నది. అరిగిపోయిన వాక్యాన్ని పరిశోధనభాషగా నేర్పడం మానుకొని, హార్బర్‌లో విన్న మాటను విన్నట్టే రాసుకొని, అది ఎక్కడ, ఎవరినోట, ఎప్పుడు విన్నదో చెప్పగలిగే అలవాటును మార్కులతో ప్రోత్సహించాలి. అటువంటి వ్యాసానికి కర్త ఎవరన్నది ఆ సామగ్రినుంచే నిర్ణయించవచ్చు.